పాతికేళ్ల ఉద్యమం, యాభై దాటాక కొత్త పని

గే హక్కుల పనిలో వయసంతా గడిపి ఇప్పుడు వేరే బతుకుతెరువు చూసుకుంటున్నవారి నుంచి, వాళ్ల ఇంట్లోవాళ్ల నుంచి గోదావరి డెల్టా నాలుగు వైపులా ఉత్తరాలు వచ్చాయి. అందులో ఏడింటికి ఈ సంచికలో జవాబులిస్తున్నాం. పేర్లు అచ్చు వేయొద్దని అందరూ కోరారు కాబట్టి ఊళ్లే వేస్తున్నాం.

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. 2003లో హెచ్‌ఐవీ నివారణ ప్రాజెక్టులో పీర్ ఎడ్యుకేటర్‌గా (తోటివారికి చెప్పే కార్యకర్తగా) చేరాను. తర్వాత ఔట్‌రీచ్ వర్కర్‌ని, ఆపైన మేనేజర్ని అయ్యాను. ఇప్పుడు ప్రాజెక్టు వేరే సంస్థకి వెళ్లిపోయిందండి. ఐడీ కార్డు తప్ప నా చేతిలో కాగితం ముక్క లేదు. ఎక్కడ మొదలుపెట్టమంటారు? — అమలాపురం

జవాబు: సర్వీసు సర్టిఫికెట్ దగ్గర. అదీ ఈ నెలలోనే. ప్రాజెక్టు పోయిన సంస్థ ఆఫీసు ఖాళీ చేసేసి, అకౌంటెంటు కూడా మారిపోయాడంటే పాత వోచర్ల మూటలు ఎక్కడున్నాయో చెప్పే నాథుడు ఉండడు. సర్టిఫికెట్ మీద ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఏ హోదాలో చేశారో ఒక్కో హోదాకి ఒక్కో వరుస ఉండాలి. ఆఖరి జీతం, మీ కింద పనిచేసినవాళ్ల సంఖ్య, సొసైటీ రిజిస్ట్రేషన్ నంబరు, కార్యదర్శి సంతకం, సీలు కూడా ఉండాలి. ఎక్కువమందికి దెబ్బ తగిలేది పేరు దగ్గర. ఫీల్డులో అందరూ పిలిచే పేరే రిజిస్టర్లలో ఉంటుంది, ఆధార్‌లో ఇంకోటి ఉంటుంది. "ఫలానా పేరుతో కూడా పిలవబడే" అని రెండు పేర్లూ సర్టిఫికెట్‌లోనే రాయించుకోండి. తర్వాత నోటరీ అఫిడవిట్ల చుట్టూ తిరిగే పని తప్పుతుంది. సంస్థ వాయిదాలు వేస్తుంటే జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్లు, ట్రైనింగ్ సర్టిఫికెట్లు, ఐడీ కార్డు కాపీ జతచేసి రిజిస్టర్డ్ పోస్టులో అడగండి. ఆ రశీదు దాచుకోండి.

ఇక డబ్బు సంగతి. కనీసం 10 మంది పనిచేసే సంస్థలో 5 ఏళ్ల సర్వీసు నిండితే గ్రాట్యుటీ మీ హక్కు. ఆఖరి నెల బేసిక్, డీఏ కలిపి 15తో హెచ్చించి, దాన్ని సర్వీసు ఏళ్లతో హెచ్చించి, 26తో భాగించాలి. ఆఖరి జీతం 18,000, సర్వీసు 12 ఏళ్లు అనుకుంటే 1,24,615 రూపాయలు వస్తుంది. ప్రాజెక్టు సంస్థలు ఇక్కడ ఒక మెలిక పెడతాయి. మార్చి 31న కాంట్రాక్టు ముగించి ఏప్రిల్ 3న కొత్తది రాయించి, "సర్వీసు తెగిపోయింది కదా" అంటాయి. ఏడాదిలో 240 రోజులు పనిచేసినట్టు చూపగలిగితే ఆ రెండు రోజుల సందు లెక్కలోకి రాదు. పీర్‌గా తీసుకున్న గౌరవ వేతనాన్ని జీతంగా ఒప్పించడం మాత్రం కష్టం. మా మాట వింటే ఆ ఏళ్ల కోసం పట్టుబట్టకండి, మిగతావాటికి రాతపూర్వకంగా అర్జీ పెట్టండి. పలకకపోతే కార్మిక శాఖకు వెళ్లండి.

పీఎఫ్ కట్ అయి ఉంటే తొందరపడి మొత్తం తీసేయకండి. పెన్షన్‌కు 10 ఏళ్ల సర్వీసు కావాలి. మీకు 7 ఏళ్లే ఉంటే ఆ డబ్బు తీసుకోకుండా స్కీమ్ సర్టిఫికెట్ తీసుకోండి. తర్వాతి ఉద్యోగంలో 3 ఏళ్లు పీఎఫ్ కడితే రెండూ కలిసి పది అవుతాయి, 58 నిండాక పెన్షన్ వస్తుంది.

బయోడేటాలో "ఎమ్మెస్సెమ్ ఔట్‌రీచ్" (మగవారితో సంబంధమున్న మగవారి మధ్య ఫీల్డు పని) అని రాస్తే ఆస్పత్రి మేనేజరుకో, రొయ్యల కంపెనీ హెచ్‌ఆర్‌కో అర్థం కాదు. చేసిన పనినే వాళ్ల భాషలోకి మార్చండి. ఒక పీర్‌కు 60 మంది లెక్కన మీ కింద నలుగురు పీర్లుంటే 240 మంది. ఆరు నెలలకోసారి హెచ్‌ఐవీ పరీక్ష, మూడు నెలలకోసారి సుఖవ్యాధుల చెకప్ ఎవరికి గడువు దాటిందో పేరుపేరునా రాసే లైన్ లిస్టులో చూసి, మనిషిని వెతికి, ఐసీటీసీకి (ప్రభుత్వ హెచ్‌ఐవీ పరీక్షా కేంద్రానికి) తీసుకెళ్లి, మళ్లీ రిజిస్టరులో ఎక్కించడం మీ రోజువారీ పని. దాన్ని "240 మంది ఫాలోఅప్ రికార్డులు, స్టాకు రిజిస్టరు, పోలీసు శాఖతో సమన్వయం, నెలవారీ రిపోర్టులు" అని రాస్తే చదివేవాడికి పని కనబడుతుంది. 'గే' అన్న మాట రాయాలా వద్దా అనేది మీ ఇష్టం. కాకపోతే ఒక్కటి గుర్తుంచుకోండి. ప్రైవేటు ఉద్యోగంలో లైంగికత కారణంగా వివక్ష చూపకూడదని విడిగా చెప్పే చట్టం మన దేశంలో ఇంకా లేదు.

కౌన్సెలింగ్ వైపు వెళ్లాలనుంటే, డిగ్రీ ఉన్నవారికి ఇగ్నోలో ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) ఉంది. కనీసం రెండేళ్లు పడుతుంది, ఫీల్డ్ వర్క్ తప్పనిసరి. అది పూర్తయ్యాక కౌన్సెలింగ్ పని చూసుకోవచ్చు. బోర్డు మీద 'క్లినికల్ సైకాలజిస్ట్' అని మాత్రం వేయకండి, దానికి రీహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉండాలి.

ప్రశ్న: మా తమ్ముడికి 49 ఏళ్లు. ఆ సంఘాల పని మానేసి ఇంటికొచ్చేశాడు. ఇప్పుడైనా పెళ్లి చేస్తే కుదురుకుంటాడని మా వాళ్లు అంటున్నారు. మందులతో నయం చేసే డాక్టరు ఉన్నాడని బావగారు కబురు తెచ్చారు. — రాజోలు

జవాబు: పని మారింది గానీ మనిషి మారలేదు కదమ్మా. గే కావడం జబ్బు కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990 మే 17న తేల్చి తన జాబితాలోంచి తీసేసింది. గే వ్యక్తిని 'మార్చే' వైద్యం చేయడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లో ప్రకటించింది. అలా చేసే డాక్టరు మీద రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయొచ్చు. సంగతి దాచి పెళ్లి చేస్తే రేపు ఆ పిల్ల కోర్టుకెక్కుతుంది, తప్పు ఆమెది కాదు. మీకు చేతనైన సాయం చేయాలనుంటే రాసుకోవాల్సిన కాగితాల గురించి కింద పాలకొల్లు వారికిచ్చిన జవాబు చదివి తమ్ముడికి చూపించండి.

ప్రశ్న: స్టేషన్ల చుట్టూ, కోర్టుల చుట్టూ తిరిగి సెక్షన్లు నోటికొచ్చేశాయి. 50 ఏళ్లకి ఎల్‌ఎల్‌బీ చేయొచ్చా? పది తర్వాత ఇంటర్ లేకుండానే ఓపెన్ యూనివర్సిటీలో బీఏ చేశాను. — మండపేట

జవాబు: వయసు అడ్డం కాదు. లా కోర్సుల ప్రవేశ పరీక్ష ఏపీ లాసెట్‌కు గరిష్ఠ వయోపరిమితి లేదు. మూడేళ్ల కోర్సుకు డిగ్రీలో జనరల్ వారికి 45, బీసీలకు 42, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం మార్కులు ఉండాలి. మీకు అడ్డుపడేది ఇంటర్. ఇంటర్ చదవకుండా ఓపెన్ యూనివర్సిటీలో నేరుగా తీసుకున్న డిగ్రీని బార్ కౌన్సిల్ 2008 నాటి నిబంధనలు ఒప్పుకోవు. దూరవిద్య డిగ్రీ అయినంత మాత్రాన నష్టం లేదు, కింద ఇంటర్ లేకపోవడమే చిక్కు. కొన్ని కాలేజీలు ఈ సంగతి చూడకుండా సీటిచ్చేస్తాయి. మూడేళ్లు చదివి పట్టా చేతికొచ్చాక ఎన్‌రోల్‌మెంట్ (లాయరుగా పేరు నమోదు) దగ్గర ఆగిపోతారు. ఇప్పుడు ఇంటర్ పాసైనా వరుస తప్పిందని అభ్యంతరం రావచ్చు. రాష్ట్ర బార్ కౌన్సిల్‌ను రాతపూర్వకంగా అడిగి, జవాబు చేతిలో పెట్టుకున్నాకే ఫీజు కట్టండి.

ఇంటర్ ఉన్న ఇతర పాఠకుల కోసం మరికొంత. హాజరు 70 శాతం ఉండాలి, రోజంతా ఉద్యోగం చేస్తూ అది కుదరదు. ఎన్‌రోల్‌మెంట్‌కు జనరల్ వారి దగ్గర 750, ఎస్సీ, ఎస్టీల దగ్గర 125 రూపాయలకు మించి తీసుకోకూడదని 2024 జులై 30న సుప్రీంకోర్టు చెప్పింది. కోటు వేసుకున్నాక సొంతంగా వ్యాపారం నడపకూడదు. ఎల్‌ఎల్‌బీ చేసి పక్కన కొట్టు పెట్టుకుందామనుకునేవారు రెంటిలో ఒకటి తేల్చుకోవాలి.

మీకైతే పారా లీగల్ వాలంటీరు పని, అంటే జనానికి న్యాయ సాయం అందేలా చూసే పని, నప్పుతుంది. లా డిగ్రీ అక్కర్లేదు. రాజమహేంద్రవరంలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థ నోటిఫికేషన్ ఇచ్చినప్పుడు దరఖాస్తు పెట్టండి. పనిచేసిన రోజుకు ఇంత అని ఇస్తారు. ఇల్లు గడవడానికి అది చాలదు, వేరే ఆదాయం పక్కన చూసుకోవాలి.

ప్రశ్న: ఇరవై ఏళ్లు ఒకే జట్టులో పనిచేసిన ముగ్గురం కలిసి కడియపులంక పక్కన చిన్న నర్సరీ పెట్టాలనుకుంటున్నాం. సపోటా అంట్లతో మొదలుపెడితే ఎలా ఉంటుంది? — కడియం

జవాబు: సపోటా అంటుకు గిరాకీ ఉంటుంది గానీ డబ్బు తిరిగి రావడానికి టైము పడుతుంది. అంటు కట్టేది పాల (ఖిర్నీ) చెట్టు మొక్క మీద. ఆ గింజ మొలిచి కాడ పెన్సిలు లావు అవడానికి ఏడాదిన్నర నుంచి రెండేళ్లు. గింజతో మొదలుపెట్టకండి, మొదటి ఏడాది తయారైన పాల మొక్కలే కొనండి. ఇల్లు గడవడానికి మందార, నందివర్ధనం, క్రోటన్ లాంటి కొమ్మ గుచ్చితే వచ్చేవి పక్కన వేసుకోండి.

కట్టే పద్ధతి ఇది. పాల మొక్క ఉన్న సంచిని తల్లి సపోటా కొమ్మ అందే ఎత్తులో పెట్టాలి, అవసరమైతే కర్రలతో మంచె కట్టుకోవాలి. మొక్క కాడ మీద జానెడు ఎత్తులో 5 సెంటీమీటర్ల పొడవున, కాడ మందంలో మూడో వంతు లోతు వరకు పలచగా చెక్కాలి. సరిగ్గా అదే కొలతతో సపోటా రెమ్మనూ చెక్కి, గాటుకు గాటు ఆనించి పాలిథిన్ పట్టీతో గాలి దూరకుండా బిగించాలి. రెమ్మ చెక్కిన చోటు నుంచి కారే పాలను పొడిబట్టతో తుడవకపోతే రెండూ అతుక్కోవు. కత్తి మొద్దుబారితే గాటు చీలికలు చీలికలుగా వస్తుంది, అదీ అతకదు. వానాకాలంలో కడితే రెండు మూడు నెలల్లో అతుకు పడుతుంది. కొత్తవాళ్లు పొరపాటు చేసేది ఆ తర్వాత. అతుక్కుంది కదా అని తల్లి కొమ్మను ఒక్క వేటుతో కోసేస్తారు, వారంలో రెమ్మ వాడిపోతుంది. అతుకు కింద సగం మందం కోసి వదిలేయాలి, పది రోజులకు మిగతాది కోయాలి. అతుకు పైనున్న పాల మొక్క తలను కూడా అలాగే రెండు విడతల్లో తీయాలి. తర్వాత నెల రోజులు నీడలో ఉంచాలి.

అతుకు కింద పుట్టిన పాల చిగుళ్లను వారం వారం గిల్లకపోతే అవి బలిసి పైన సపోటాను చంపేస్తాయి. కొన్నవాడి పెరట్లో నాలుగేళ్లకు పాల చెట్టు నిలబడుతుంది, మీ పేరు ఊరంతా పాకుతుంది.

సంచి మట్టిలో కోనసీమ కొబ్బరి పొట్టు కలపాలనుకుంటే తాజా పొట్టు పనికిరాదు. ఉప్పు, వగరు పోయేదాకా నీళ్లు మార్చి మార్చి కడిగి, కుళ్లబెట్టినదే వాడండి. నర్సరీని ఉద్యాన శాఖ దగ్గర రిజిస్టరు చేయించాలని 2010 నాటి రాష్ట్ర చట్టం చెబుతోంది. బ్యాంకు అప్పు కోసం పీఎంఈజీపీ (కేంద్రం స్వయం ఉపాధి పథకం) అంటారేమో, మొక్కల పెంపకం దాని కిందికి వస్తుందో లేదో ముందే అడిగి తెలుసుకోండి. కొబ్బరి పీచు యూనిట్ అయితే కాయిర్ బోర్డు ద్వారా అదే పథకం దొరుకుతుంది. ముగ్గురూ గ్రాట్యుటీ మొత్తం ఇందులో పోయకండి. వాటాలు, జీతాలు, ఎవరైనా తప్పుకుంటే లెక్క ఎలా తేల్చాలో భాగస్వామ్య పత్రంలో రాసుకోండి. ఉద్యమంలో కలిసి లాఠీ దెబ్బలు తిన్న స్నేహాలు వ్యాపారంలో నెలవారీ లెక్క రాయక చెడిపోతుంటాయి. లైన్ లిస్టు రాసిన చేతులే కాబట్టి స్టాకు రిజిస్టరు మీకు కొత్త కాదు. ఏ వరుసలో ఎన్ని కట్టారో, ఏ తేదీనో, ఎన్ని పోయాయో రాస్తూ ఉండండి.

ప్రశ్న: మేమిద్దరం 19 ఏళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం. ఆయన ఇప్పుడు ఉద్యోగం మారుతున్నారు. మాకు పెళ్లి కాగితం లేదు, రాదు. ఏమేం రాసుకోవాలి? — పాలకొల్లు

జవాబు: ఒకే లింగం వారి పెళ్లిని గుర్తించడం తమ పని కాదని సుప్రీంకోర్టు 2023 అక్టోబరు 17న చెప్పింది. కాబట్టి భార్యాభర్తలకు దానంతటదే వచ్చేదాన్ని మీరు ఒక్కొక్క కాగితంగా పోగేసుకోవాలి.

ముందు బ్యాంకు. జాయింట్ ఖాతా తెరవడానికి, ఒకరికొకరు నామినీగా ఉండడానికి అడ్డేమీ లేదని కేంద్ర ఆర్థిక శాఖ 2024 ఆగస్టు 28న స్పష్టం చేసింది. కౌంటరులో "రిలేషన్ ఏంటి?" అంటే ఆ ప్రకటన ప్రింటు చూపించండి. ఖాతా 'ఎయిదర్ ఆర్ సర్వైవర్' పద్ధతిలో తెరవండి. ఒకరు పోయినా రెండోవారికి డబ్బు ఆగదు.

నామినీగా పేరుంటే సొత్తు మీదే అనుకోవడం పెద్ద పొరపాటు. నామినీ డబ్బు అందుకుంటాడు, వారసుడికి అప్పగించాల్సి వస్తుంది. జీవిత బీమాలో తల్లిదండ్రులు, భార్య లేక భర్త, పిల్లలు నామినీలైతేనే డబ్బు వాళ్ల సొంతమవుతుంది. ఆ జాబితాలో మీరు లేరు. అందుకే నామినేషన్‌తో పాటు వీలునామా తప్పనిసరి. అది లేకుండా పెళ్లికాని హిందూ మగవాడు పోతే ఆస్తి మొదట తల్లికి, తల్లి లేకపోతే తండ్రికి, ఆయనా లేకపోతే తోబుట్టువులకు వెళుతుంది. పంతొమ్మిదేళ్లు కలిసి వండుకు తిన్నవాడికి చెంచా కూడా రాదు.

వీలునామాకు స్టాంపు పేపరు అక్కర్లేదు. తెల్లకాగితం మీద రాసి ప్రతి పేజీలో సంతకం పెట్టాలి, ఇద్దరు సాక్షులు ఉండాలి. సాక్షులుగా ఆస్తి వచ్చేవారిని గానీ, గొడవపడే బంధువులను గానీ పెట్టకండి. మీకంటే చిన్నవాళ్లయితే మేలు, రేపు కోర్టులో సాక్ష్యం చెప్పడానికి బతికి ఉండాలి కదా. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా సబ్ రిజిస్ట్రారు దగ్గర చేయించండి. స్వార్జితం ఇష్టమొచ్చినవారికి రాయొచ్చు, పిత్రార్జితంలో మీ వాటా వరకే.

పీఎఫ్ దగ్గర మరో ముడి ఉంది. ఆయన మీద ఆధారపడిన తల్లిదండ్రులు ఉంటే నామినేషన్ వాళ్లకే చేయాలి, బయటివారి పేరు చెల్లదు. అలాంటి కుటుంబం లేనప్పుడు మాత్రమే మీ పేరు రాయొచ్చు. ఇల్లు కొంటే దస్తావేజులోనే ఇద్దరి పేర్లు, ఎవరి వాటా ఎంతో రాయించండి. తర్వాత గిఫ్ట్‌గా రాసిస్తే, ఆదాయపు పన్ను లెక్కలో మీరు 'బంధువు' కారు గనుక ఏడాదిలో 50,000 దాటిన బహుమతి పుచ్చుకున్నవారి ఆదాయం కింద పన్నుకొస్తుంది. వీలునామా ద్వారా వచ్చినదానికి ఆ పన్ను లేదు.

మానసిక ఆరోగ్య చికిత్స అవసరమైతే 2017 చట్టం కింద ఎవరినైనా 'నామినేటెడ్ రిప్రజెంటేటివ్'గా తెల్లకాగితం మీద రాసుకోవచ్చు. దగ్గరి బంధువులు అందుబాటులో లేనప్పుడు భాగస్వామికి భౌతికకాయం అప్పగించేలా చూడాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2024 ఆగస్టులో రాష్ట్రాలకు రాసింది. ఆ ఉత్తరం కాపీ కూడా ఇదే ఫైలులో పెట్టుకోండి.

ప్రశ్న: గే సంబంధాన్ని నేరంగా చూసిన ఐపీసీ 377 సెక్షన్ ఎప్పుడు పోయింది? ఒకరు 2009 అంటారు, ఒకరు 2018 అంటారు. ఇంతకీ మన వైపు గే హక్కుల పని ఆస్పత్రుల చుట్టూనే ఎందుకు తిరిగింది? — తణుకు

జవాబు: రెండూ నిజమే. 2009 జులై 2న ఢిల్లీ హైకోర్టు, ఇష్టపూర్వకంగా కలిసే పెద్దవాళ్లకు ఆ సెక్షన్ వర్తించదంది. 2013 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. 2017 ఆగస్టు 24న గోప్యత ప్రాథమిక హక్కు అని తొమ్మిది మంది జడ్జీలు తేల్చాక దారి మళ్లీ తెరుచుకుంది, 2018 సెప్టెంబరు 6న తుది తీర్పు వచ్చింది. 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ సెక్షనే లేదు.

ఆస్పత్రుల సంగతికొస్తే, 2003లో మొదలైన ఆవాహన్ అనే హెచ్‌ఐవీ నివారణ కార్యక్రమం ఆరు రాష్ట్రాల్లో నడిచింది, అందులో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. జీతమిచ్చే పని, కూర్చోవడానికి డ్రాప్-ఇన్ సెంటరు హెచ్‌ఐవీ నిధులతోనే వచ్చాయి. చట్టం ఆ పనికే అడ్డుపడేది. 2001 జులైలో లక్నోలో నివారణ పని చేస్తున్న కార్యకర్తలనే 377 కింద అరెస్టు చేసి నెలకు పైగా జైల్లో ఉంచారు. ఢిల్లీ హైకోర్టులో హోం శాఖ ఆ సెక్షన్ ఉండాలంటే, జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ నాకో మాత్రం 2006లో దానివల్ల మనుషులు చాటుకు పోయి వైద్యం అందడం లేదని అఫిడవిట్ వేసింది. ఒకే ప్రభుత్వంలో రెండు మాటలన్నమాట.

ఇంకో సంగతి, మీరు అడగకపోయినా. మీ ఉత్తరంలో 'స్వలింగ సంపర్కులు' అని రాశారు, అచ్చులో మేం 'గే' అని మార్చాం. ఆ మాట మనిషిని పడకగదికి కుదించేస్తుందని చాలామందికి నచ్చదు. 'గే' అంటే అందరికీ తెలుస్తోంది, అదే వాడొచ్చు.

ప్రశ్న: మా అన్నయ్య పాతికేళ్ల కాగితాలు, బ్యానర్లు, రిజిస్టర్లు రెండు ట్రంకు పెట్టెల్లో ఉన్నాయి. ఇప్పుడు కిరాణా కొట్టు పెట్టుకుని వాటిని పారేస్తానంటున్నాడు. దాచాలని నాకుంది. మాది లంక ఊరు, వరదొస్తే నీళ్లు ఇంట్లోకి వస్తాయి. — పి.గన్నవరం

జవాబు: ముందు పెట్టెలు అటకెక్కించండి. తర్వాత ఎండ పొడిగా ఉన్న వేసవి రోజు చూసుకుని విప్పండి, ఆషాఢం నుంచి కార్తీకం దాకా ముట్టుకోకండి. గుండుసూదులు, స్టేపుల్ పిన్నులు అన్నీ తీసేయండి. మన గాలికి అవి తుప్పుపట్టి కాగితాన్ని తినేస్తాయి. సెలోటేపు అంటించొద్దు, లామినేషన్ అసలే వద్దు. పేపరు కటింగులు పసుపెక్కి పక్క కాగితాన్నీ పాడుచేస్తాయి కాబట్టి మధ్యలో తెల్లకాగితం పెట్టండి. బస్సు టికెట్లు, మెషిన్ రశీదుల మీద అక్షరాలు మాసిపోతాయి, వాటికి వెంటనే జిరాక్సు తీయించండి. పాలిథిన్ కవర్లో కడితే తేమ లోపలే ఉండి బూజు పడుతుంది. పాత నేత పంచె ముక్కలో చుట్టండి. వేపాకు వేసేవారు బాగా ఎండినదే వేయాలి, పచ్చిది వేస్తే తడి మీరే పెట్టినట్టు. గుడ్డ బ్యానర్లు మడతపెడితే మడత దగ్గర చిరుగుతాయి. పీవీసీ గొట్టానికి చుట్టండి.

ఫోనుతో ఫొటో తీసేటప్పుడు ఫ్లాష్ లేకుండా, కిటికీ వెలుతురులో, పైనుంచి నిలువుగా తీయండి. ఫైలు పేరులో ముందు ఏడాది, తర్వాత నెల, తర్వాత విషయం ఉండాలి. ఒక కాపీ మీ దగ్గర, ఇంకోటి వరద రాని ఊళ్లో ఉన్న బంధువు దగ్గర ఉంచండి.

రిజిస్టర్ల దగ్గర మాత్రం ఆగండి. మనుషుల పేర్లు, పరీక్ష ఫలితాలు ఉన్న లైన్ లిస్టులు మీ అన్నయ్య ఇంట్లో ఉండాల్సినవి కావు. ఒక మనిషి హెచ్‌ఐవీ సంగతి అతని రాతపూర్వక అనుమతి లేకుండా బయటపెట్టకూడదని 2017 చట్టం చెబుతోంది. 2018 సెప్టెంబరు 10 నుంచి అది అమల్లో ఉంది. వాటిని ఫొటో తీయకండి, సంస్థకు అప్పగించి అందినట్టు రశీదు తీసుకోండి. మీటింగు హాజరు పట్టీ లాంటిది గుర్తుగా దాచాలనుంటే పేర్ల మీద నల్ల మార్కరు పూస్తే సరిపోదు, వెలుతురుకు పట్టి చూస్తే కింద అక్షరాలు కనబడతాయి. పూసినదానికి జిరాక్సు తీసి ఆ జిరాక్సే దాచండి. అసలు కాగితాన్ని నీళ్లలో నానబెట్టి ముద్దచేసి పారేయండి. పాత పేపర్లవాడికి మాత్రం వేయకండి, సెంటరులో బజ్జీల పొట్లమై తిరిగొస్తుంది.